మొక్క గదిలో ఇరవై ఆరు డిగ్రీలు

ఏప్రిల్ 4

ఈ రోజు మా కాలేజీలో ఒక మొక్కకు కొబ్బరికాయ కొట్టారు.

కరస్పాండెంట్ గారు బెంగళూరు నుంచి ఆంథూరియం తెచ్చారు. దాని పువ్వు ఎర్రగా, మైనం పూసినట్టు నిగనిగలాడుతూ, నిజమైనదై ఉండి కూడా ప్లాస్టిక్‌ను అనుకరిస్తున్నట్టు ఉంది. కుండీకి ఇత్తడి పలక, పలక మీద కాలం చేసిన ఆయన తల్లి సిద్ధమ్మ గారి పేరు. కనుక అది ఇక మొక్క కాదు, స్మారకం. ప్రిన్సిపల్ రత్నాకర్ సార్ స్వహస్తాలతో కుండీకి పసుపు పూశారు. ఆకుకు బొట్టు పెట్టారు. కొబ్బరినీళ్ళను నేల మీద పోనీయకుండా భక్తిగా మట్టిలోనే పోశారు. ఎక్కడో వానలు ఆగని అడవిలో పుట్టిన జాతికి సిద్దిపేటలో కొబ్బరినీళ్ళ అభిషేకం! ఇది చస్తే బాధ్యులెవరని పక్కనున్న నవనీత చెవిలో అడిగాను. చచ్చినంక అడుగుదువు గాని, ఫొటోల పడుతున్నం, జర నోరు ముయ్యి అన్నది.

మొక్కతో పాటు ఒక చీటీ వచ్చింది. ఇరవైకి తగ్గకూడదు, ఇరవై ఎనిమిది దాటకూడదు, గాలిలో తేమ ఉండాలి. ఏప్రిల్‌లో, మా ఊళ్ళో. ఆ ఉష్ణోగ్రత ఈ కాలేజీలో ఒకే ఒక్క చోట సాధ్యం. నిరుడు మేం ఎండలో మెట్ల మీద కూర్చొని, గొంతులు పోగొట్టుకుని సాధించుకున్న ఏసీ ఉన్న చోట. రీడింగ్ రూంలో.

మొక్కను అక్కడికి మోసుకెళ్ళారు. నేను కూడా చప్పట్లు కొట్టాను, అదేదో మర్యాద అనుకుని.

ఏప్రిల్ 5

రీడింగ్ రూంకు తాళం. తలుపు తీసి మూస్తుంటే వేడి లోపలికి పోతుందట. బల్లలు లోపల, కుర్చీలు లోపల, మేం బయట.

ఏప్రిల్ 7

నవనీత సంగతి ఒకసారి రాసి పెట్టుకోవాలి. లేకపోతే నా కోపమంతా ఉత్త సిద్ధాంతమని రేపు నాకే అనిపించవచ్చు.

తన ఊరు కొండపాక. ఇక్కడ పాత బస్టాండు వెనుక సాయవ్వ అనే ముసలమ్మ ఇంట్లో రేకుల గది కిరాయికి తీసుకుని ఉంటోంది. పొద్దెక్కితే ఆ గదిలో పుస్తకం అట్ట కూడా వేడెక్కుతుంది. మే నెలాఖరుకు పీజీ ప్రవేశ పరీక్ష. సీటు వస్తే యూనివర్సిటీ, రాకపోతే గజ్వేల్‌లో బట్టల దుకాణం. వాళ్ళ నాయిన దుకాణం సేటుతో ఇప్పటికే మాట్లాడి పెట్టాడు. ఇంకో ఏడు ఆగుడు నాతోని కాదు బిడ్డా, నీకు తెల్వందేమున్నది అని అన్నాడట, ఏమాత్రం కోపం లేకుండా. కోపం లేకుండా అన్న మాటను ఖండించడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా డిబేట్లన్నిటిలో నన్ను భయపెట్టిన ప్రత్యర్థులు నెమ్మదిగా మాట్లాడేవాళ్ళే.

రీడింగ్ రూంలో కిటికీ పక్క కుర్చీ తనది. ఏసీ గాలి నేరుగా మొహం మీద కొట్టని చోటు, నిద్ర రాని చోటు. ఆ కుర్చీ ముందున్న బల్ల మీదే ఇప్పుడు కుండీ ఉంది. అద్దాల తలుపులోంచి చూస్తే ఎవరో ఎర్ర చీర కట్టుకున్న పెద్దమనిషి వచ్చి నవనీత బల్ల మీద బైఠాయించినట్టు ఉంది.

ఏప్రిల్ 8

ప్రిన్సిపల్ గదికి వెళ్ళాను. వాదన మూడు భాగాలుగా సిద్ధం చేసుకున్నాను. మొదటిది న్యాయం, రెండోది నిరుడు ధర్నా విరమించేటప్పుడు ఇచ్చిన లిఖిత హామీ, మూడోది మానవత్వం. ఆయన మొదటి భాగం సగంలో ఉండగానే టీ తెప్పించారు. టీ ఇవ్వడం మా సార్ యుద్ధ విద్య. వేడి గ్లాసు చేతిలో ఉన్నవాడు చెయ్యి ఊపి మాట్లాడలేడు.

తర్వాత ఆయన చాలా శాంతంగా అన్నారు, సింధుజా, నువ్వు షీల్డులు తెచ్చే పిల్లవు, నీకు నేను చెప్పాల్నా, మొక్కకు నోరు లేదు, మీకున్నది, నోరున్నోళ్ళు అడ్జస్ట్ అయితరు, నోరు లేంది సచ్చిపోతది, అది సస్తే కరస్పాండెంట్ సార్‌కు అమ్మ మల్లొకసారి సచ్చినట్టు, నా నౌకరి సంగతి నువ్వు ఆలోచించినవా అని.

ఒక్క శ్వాసలో జీవకారుణ్యం, మాతృభక్తి, సొంత ఉద్యోగం. నోరున్న వాళ్ళు అడ్జస్ట్ కావాలనే సూత్రం ప్రకారం ఈ కాలేజీలో ముందుగా అడ్జస్ట్ కావలసింది తమరే సార్, అనే జవాబు మెట్లు దిగుతున్నప్పుడు తోచింది. మెట్ల మీద తోచే జవాబులకు షీల్డులు ఇస్తే నా గది నిండిపోయేది.

ఏప్రిల్ 11

బయట నలభై ఒకటి. అద్దాల తలుపు వెనుక గోడకున్న థర్మామీటర్‌లో ఎర్ర అంకెలు: పదిహేడు.

పదిహేడు! చీటీలో ఇరవైకి తగ్గొద్దని ఉంది. అటెండర్ మల్లేశన్న లోపల స్టూలు మీద కాపలా కూర్చుని ఉన్నాడు, నెత్తికి మంకీ క్యాప్, మెడకు మఫ్లర్. ఏప్రిల్ మధ్యాహ్నం సిద్దిపేటలో మఫ్లర్ కట్టుకున్న ఏకైక పౌరుడు. నేను తలుపు తట్టి, అన్నా, చలి ఎక్కువైంది, పెంచు అని సైగ చేశాను. ఆయన తలుపు కొద్దిగా సందు చేసి, సల్లగుంటెనే మంచిది బిడ్డా, గింత దూరం నుంచి వచ్చిన పానం, దాన్ని ఉడకపోతల పెడుదామా, సార్ రిమోట్ మీద పదిహేడు పెట్టుమన్నడు అని చెప్పి మళ్ళీ మూశాడు. ఆ సందులోంచి వచ్చిన చల్లగాలి నా మోకాళ్ళకు తగిలింది. హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు ఒళ్ళు మండింది.

ఈ ఊరికి ఎండ ఒక్కటే శత్రువుగా తెలుసు. చల్లదనం ఎంత ఎక్కువైతే అంత ప్రేమ అనుకుంటారు. చలి కూడా చంపుతుందనే ఊహ ఇక్కడ ఎవరికీ రాదు. అందరూ మొక్కను ప్రేమతో చంపుతున్నారు, మమ్మల్ని మాత్రం నిర్లక్ష్యంతో.

ఏప్రిల్ 13

నలభై రెండు. క్లాసు గదిలో ఫ్యాను కింద కూర్చోవడం కన్నా ఫ్యాను లేని చోట కూర్చోవడమే చల్లగా ఉంది.

ఏప్రిల్ 16

నవనీత పడిపోయింది. గదిలో, పుస్తకం ముందు, ఎవరూ లేనప్పుడు. సాయవ్వ చూసి మొహం మీద నీళ్ళు కొట్టి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. సెలైన్ ఎక్కించారు. నేను వెళ్ళేసరికి తను మంచం మీద కూర్చుని, సూది లేని చేత్తో ప్రశ్నల పేపర్ పట్టుకుని ఉంది.

సాయవ్వ నన్ను చూడగానే అందుకుంది. ఏం సదువులమ్మా మీయి, పిల్ల పెనం మీద రొట్టె లెక్క కాలుతున్నది, మీ కాలేజిల సల్లటి అర్ర ఉన్నదంట గద, దాన్ల ఎవల్ని పండవెట్టిన్రు అని అడిగింది. మొక్కను అన్నాను. నా మొహంలోకి కాసేపు చూసి, నగుతున్నవా బిడ్డా అన్నది. కాదని చెప్పడానికి చాలా సేపు పట్టింది. నమ్మిందో లేదో తెలియదు. ఆమె ముందు ఆ ఒక్క పదం పలకడానికి పడ్డ సిగ్గు నేను ఏ వేదిక మీదా పడలేదు.

తర్వాత నవనీతకు నా ప్రణాళిక చెప్పాను. జిల్లా అధికారులకు విజ్ఞప్తి, మీడియా, మెట్ల మీద మళ్ళీ ధర్నా, ప్రిన్సిపల్ బహిరంగ చర్చకు రావాలని సవాలు. తను సాంతం విన్నది. విని, సింధూ, నీకు గెలుసుడు కావాలె, నాకు కుర్సీ కావాలె అన్నది.

అంతే. పేపర్‌లోకి తల దించుకుంది.

ఏప్రిల్ 17

నీకు గెలుసుడు కావాలె, నాకు కుర్సీ కావాలె. రోజంతా దీనికి జవాబు వెతికాను.

ఏప్రిల్ 18

ప్రత్యర్థిని చదవకుండా డిబేట్‌కు వెళ్ళకూడదు. కాబట్టి ఆంథూరియంను చదివాను.

రాత్రీ పగలూ ఒకే తీరుగా వెచ్చగా ఉండే చోటు దానిది. ఇరవై నాలుగు, ఇరవై ఆరు దానికి సుఖం. చల్లటి గాలి నేరుగా తగిలితే ఆకుల అంచులు ముందు పసుపు రంగుకు తిరిగి, తర్వాత గోధుమ రంగులోకి ఎండుతాయి. ఏసీ గాలిలోని తేమను పీల్చేస్తుంది కాబట్టి చలి ఒక దెబ్బ, పొడి గాలి ఇంకో దెబ్బ. దానికి కావలసినది ఎండ పడని వెలుతురు, ఒక మోస్తరు వెచ్చదనం, చుట్టూ తడిగాలి.

చదువుతూ చదువుతూ ఆగిపోయాను. ఒక మోస్తరు వెచ్చదనం, ఎండ పడని వెలుతురు. మేం నిరుడు మెట్ల మీద కూర్చుని అడిగింది అక్షరాలా ఇదే. ఈ దిక్కుమాలిన మొక్కకూ మాకూ ఒకే ఉష్ణోగ్రత కావాలి. మధ్యలో ఉన్నది ఒక రిమోటూ, ఒక తాళమూ, వాటిని పట్టుకున్న మూర్ఖత్వమూ.

ఏప్రిల్ 21, ఉదయం

మొక్క చస్తోంది. అద్దంలోంచే కనిపిస్తోంది. ఆకుల అంచులు బీడీ కాల్చి వదిలినట్టున్నాయి. ఎర్ర పువ్వు మీద నల్లటి మచ్చ. ప్రిన్సిపల్ చేసిన చికిత్స: ఏసీని పదహారుకు దించడం.

ఏప్రిల్ 21, సాయంత్రం

గెలిచాను. ఇంత అసహ్యంగా ఎప్పుడూ గెలవలేదు.

మధ్యాహ్నం ప్రిన్సిపల్ స్వయంగా కబురు పంపారు. గదిలో టీ లేదు. మే రెండున సిద్ధమ్మ గారి సంవత్సరీకమట. కరస్పాండెంట్ గారు కుటుంబంతో సహా వచ్చి మొక్కకు దండ వేస్తారట. నువ్వు మొన్న మల్లేశ్‌తోని సలి ఎక్కువైందని అన్నవంట గద అమ్మా, నీకేమన్న ఎరుకనా, ఎట్ల బతికియ్యాలె అని అడిగారు. అమ్మా అన్నారు నన్ను.

ఆ క్షణంలో నా ముందు రెండు వాదనలు ఉన్నాయి. ఒకటి, ఆ గది మాది, తాళం తీయండి అనేది. అది న్యాయమైనది, ఇప్పటికే ఓడిపోయినది. రెండోది నాలుక మీదికి దానంతట అదే వచ్చింది. సార్, ఏసీ ఇరవై ఆరులో పెట్టాలి, కుండీని గాలికి పక్కకు జరపాలి, గదిలో తేమ పెరగాలి, తేమ పెరగాలంటే మనుషులు కావాలి, ఇరవై మంది మూసిన గదిలో కూర్చుంటే వాళ్ళ ఊపిరి, వాళ్ళ చెమట గాలిని తడిగా ఉంచుతాయి, మొక్కకు అడవిలో ఉన్నట్టే ఉంటుంది.

విద్యార్థినులు అనలేదు. చదువు అనలేదు. హక్కు అనలేదు. నవనీత పేరు ఎత్తలేదు. ఊపిరి, చెమట అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచారు. గింత సులువా అన్నారు. రేపటి నుంచే పిల్లల్ని కూసోవెట్టుమని మల్లేశన్నకు కేక వేశారు. న్యాయానికి సగంలో టీ తెప్పించిన మనిషి, చెమట అనగానే లేచి నిలబడ్డాడు.

ఏప్రిల్ 22

రీడింగ్ రూం తెరిచారు. ఇరవై ఆరు. నవనీత కుర్చీ నవనీతకు వచ్చింది, పక్కనే కుండీతో సహా.

మల్లేశన్న మంకీ క్యాప్ తీసేశాడు. కానీ కాపలా మానలేదు, ఇప్పుడు మొక్కతో పాటు మా మీద కూడా. అందరం కుండీ చుట్టూ కూర్చోవాలి. తలస్నానం చేసి వచ్చినవాళ్ళు ముందు వరుస. పౌడర్ వేసుకున్నవాళ్ళు వెనుకకు, ఆ దుమ్ము ఆకు మీద పడుతుందట. ఒకామె దగ్గితే, అటు దిక్కు మొఖం పెట్టి దగ్గు బిడ్డా, పెద్దమ్మ మీద తుంపర్లు పడుతయని అన్నాడు. పెద్దమ్మ అంటే మొక్క. కాసేపటికి, ఏందే సప్పుడు జేస్తలేరు, జర గట్టిగ ఊపిరి ఇడువున్రి అని కూడా అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుకు తేమ పెరిగే ఉంటుంది.

నేను నవ్వలేదు. బయటికి వచ్చాక నవనీతతో ఇది అవమానం అన్నాను, మనల్ని మనుషులుగా కాదు, తడిగుడ్డలుగా లోపలికి రానిచ్చారు అన్నాను. ఊపిరి ఎట్లనన్న ఇడుస్తనే ఉంటం గదనే, దానికి కిరాయి ముట్టింది అనుకో, నీకేం నొస్తున్నది అన్నది. అని, ఈ రోజు రెండు పాత పేపర్లు పూర్తి చేశానని చెప్పింది. తన మొహం చాలా రోజుల తర్వాత మొహంలా ఉంది.

ఏప్రిల్ 28

కొత్త ఆకు వచ్చింది. చిన్నగా చుట్టుకుని, తడిసిన రాగి రంగులో. ప్రిన్సిపల్ పేడాలు పంచారు. నేను తిన్నాను. నవనీత మాక్ టెస్టులో తెచ్చుకున్న మార్కులకు ఎవరూ ఏమీ పంచలేదు.

ఆ ఆకును చూసి నాకు సంతోషం కలిగింది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

మే 2

సంవత్సరీకం. పొద్దున్నే మమ్మల్ని గదిలోంచి లేపారు. స్మారకం ఒంటరిగా కనిపించాలట. పూల పళ్ళాలు ఇచ్చి ఆవరణలో, ఎండలో, రెండు వరుసల్లో నిలబెట్టారు. కరస్పాండెంట్ గారి కార్లు రావడం ఆలస్యమైంది. పళ్ళాల్లో బంతిపూలు వాడిపోయాయి, వాటికి ఏ ఉష్ణోగ్రత కావాలో ఎవరూ చీటీ రాయలేదు కదా.

ఆయన దండ వేశారు, కళ్ళు ఒత్తుకున్నారు. అది నిజమైన కన్నీరే, కాదనను. చుట్టూ గిన్ని కుర్సీలెందుకు ఉన్నయి అని అడిగారట. తేమ కోసం సార్ అని ప్రిన్సిపల్ చెప్పారట. మంచి ఆలోచన అన్నారట. ఎవరి ఆలోచనో ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. ఆ తర్వాత సభలో, మా అమ్మ ఎందరికో నీడయింది అన్నారు. ఆయన షామియానా కింద ఉన్నారు. మేం షామియానాకు బయట ఉన్నాం.

వందన సమర్పణ నాది. కాలేజీ గొంతును నేనే కదా. రాత్రి రాసుకున్న ప్రసంగం మడిచి చేతిలో పెట్టుకుని మైకు దగ్గరికి వెళ్ళాను. ఎండ గురించి, తాళం గురించి, దవాఖాన మంచం గురించి, పదహారు డిగ్రీల గురించి. నేను రాసినవాటిలో ఇంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు. ప్రతి వాక్యం గోడకు కొట్టిన మేకులా ఉంది.

ముందు వరుసలో నవనీత కనిపించింది. పళ్ళెంలో పూల కింద ఒక కాగితం దాచుకుని చదువుతోంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. నేను ఇప్పుడు మాట్లాడితే సభ నాది అవుతుంది, కుర్చీ రేపటికి ఉండదు.

కరస్పాండెంట్ గారికి కృతజ్ఞతలు చెప్పాను. ప్రిన్సిపల్ గారికి చెప్పాను. సిద్ధమ్మ గారికి చెప్పాను. చివరకు మొక్కకు కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నవనీత తల ఎత్తలేదు. చదువుతూనే ఉంది.

ఇంటికి వచ్చి నోరు పుక్కిలించాను.

మే 3

నాలుక మీద ఇంకా ఆ కృతజ్ఞతల రుచి ఉంది. పేడా లాంటిది, తియ్యగా, జిగటగా.

మే 13

నోటీసు బోర్డు మీద సర్క్యులర్. సెమిస్టర్ పరీక్షలు ముగిసినందున రేపటి నుంచి వేసవి సెలవులు. రీడింగ్ రూం మూసివేయబడును. స్మారక మొక్క సంరక్షణార్థం ఏసీ యథాతథంగా ఇరవై ఆరు డిగ్రీల వద్ద నడుచును. విద్యార్థినులు అందుబాటులో లేనందున, తేమ నిమిత్తం, వారికి బదులుగా రెండు బకెట్ల నీళ్ళు ఉంచవలెను.

వారికి బదులుగా. రెండు బకెట్లు.

పరిగెత్తాను. పరీక్ష ఇంకా రెండు వారాలు ఉంది సార్ అన్నాను. నవనీత పేరు చెప్పాను, రేకుల గది చెప్పాను, దవాఖాన చెప్పాను. ఏప్రిల్ ఇరవై ఒకటిన చెప్పవలసినవన్నీ ఈ రోజు చెప్పాను. ఆయన టీ తెప్పించారు. తెప్పించి, ఎంతో దయగా అన్నారు, తేమ గావాలె అన్నది నువ్వే గద అమ్మా, తేమ బకెటు గూడ ఇస్తది, బకెటు దగ్గది, బకెటు పౌడర్ వేసుకోది, రేపు ధర్నా గూడ జెయ్యది అని.

నా వాదనే. ఎక్కడా బలహీనత లేదు. దానిలో మనిషి ఉండవలసిన చోట నేనే తేమను పెట్టాను, ఆయన అదే చోట బకెట్ పెట్టాడు. నా జీవితంలో మొదటిసారి ఒక వాదనను ఏ వైపు నుంచీ ఖండించలేకపోయాను.

నవనీతకు చెప్పాను. రేపు పొద్దున్నే వస్తవా అని అడిగింది.

మే 14

బకెట్లు కుర్చీల మీద ఉన్నాయి, తడి ఆకులకు అందాలని. ఒకటి నవనీత కుర్చీలో.

మల్లేశన్న నీళ్ళు నింపడానికి తలుపు తీశాడు. నవనీత ఆయన పక్క నుంచి లోపలికి వెళ్ళింది. బకెట్‌ను రెండు చేతులా ఎత్తి నేల మీద పెట్టింది. తడి కుర్చీని చున్నీతో తుడిచి కూర్చుంది. పుస్తకం తెరిచింది. ఆయన లేవమన్నాడు, సెలవులు బిడ్డా అన్నాడు, సార్‌కు ఫోన్ జేస్తనన్నాడు, నా నౌకరి వోతదే తల్లీ అని బతిమిలాడాడు. తను పేజీ తిప్పింది.

నేను రెండో బకెట్‌ను దించాను.